ధ్రువ ప్రాంతపు ఊరి నుంచి ఉపచ్ఛాయ చంద్రగ్రహణం చూడటం ఎలా: ట్రోమ్సో, 2027 మాఘ పౌర్ణమి రాత్రి

2027 ఫిబ్రవరి 20, శనివారం, మాఘ పౌర్ణమి. ఆ రాత్రి చంద్రుడు భూమి ప్రధాన నీడను తాకకుండా, దాని చుట్టూ పరుచుకొని ఉండే పలుచని నీడలోంచి మాత్రం దాటిపోతాడు. దీన్నే ఉపచ్ఛాయ చంద్రగ్రహణం అంటారు. పత్రికల్లో పెనంబ్రల్ గ్రహణం అని కూడా రాస్తుంటారు. నార్వే ఉత్తర భాగంలో, ఆర్కిటిక్ వృత్తానికి దాదాపు 350 కి.మీ. పైన ఉన్న ట్రోమ్సో పట్టణంలో, ఆకాశం తెరిపిగా ఉంటే, ఈ గ్రహణాన్ని మొదటి నుంచి చివరి వరకు చూడవచ్చు. నేను ఉంటున్నది ఈ ఊళ్లోనే. చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన తెలుగువారు, రాత్రి ఆకాశంలో రంగుల తెరల్లా కదిలే ధ్రువ కాంతుల కోసం ఫిబ్రవరిలో వచ్చే యాత్రికులు, ఆ రాత్రి ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ గ్రహణంలో చంద్రుడి అంచు కొరికినట్టుగా తగ్గిపోదు, బింబం ఎర్రబడదు. లాంతరు చిమ్నీకి ఒక పక్క కొద్దిగా పొగ పట్టినట్టు, బింబంలో ఒక అంచు మసకబారుతుంది, అంతే. 2020 జనవరి 10 రాత్రి ఇలాంటి గ్రహణమే వచ్చినప్పుడు నేను విజయవాడలో మా మేడ మీద ఉన్నాను. అర్ధరాత్రి దాటాక, సరిగ్గా నడిమి సమయానికి పైకి వెళ్లి, నడినెత్తిన వెలిగిపోతున్న చంద్రుణ్ణి చూసి, ఇందులో గ్రహణమేముందని కిందికి దిగి వచ్చేశాను. మా తమ్ముడు మాత్రం పదిన్నర కంటే ముందే ఒక ఫోటో, 12:40కి ఇంకొక ఫోటో, కెమెరా అమరికలేవీ మార్చకుండా తీశాడు. మర్నాడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించేసరికి, రెండో దానిలో దక్షిణపు అంచు బూడిద రంగులోకి దిగి ఉండటం ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నేను చూసిన చంద్రుడూ అదే, కానీ ముందు ఎలా ఉన్నాడో నాకు తెలియదు కాబట్టి ఆ మార్పు నాకు అందలేదు. ఈ గ్రహణాన్ని చూడటం అంటే ముందున్న చంద్రుడితో తరువాతి చంద్రుణ్ణి పోల్చడమే. కింద చెప్పే పనులన్నీ ఆ పోలికను సాధ్యం చేయడానికే.

మసక ఎందుకు వస్తుందో, ఏ పక్క వస్తుందో తెలుసుకోండి

ట్యూబ్‌లైటు కింద గోడకు కొంచెం దూరంగా చేతిని పెట్టి చూడండి. నీడ మధ్యలో నల్లగా ఉంటుంది, అంచుల్లో క్రమంగా పలచబడి వెలుతురులో కలిసిపోతుంది. ఆ పలచని అంచులో నిలబడ్డ చీమకు ట్యూబ్‌లైటు కొంత కనిపిస్తుంది, కొంత మీ చేతి చాటున ఉంటుంది. సూర్యుడు చుక్కలా కాక పెద్ద బింబంగా ఉన్నందువల్ల భూమి నీడకు కూడా ఇలాంటి పలచని అంచే ఉంటుంది. నల్లని నడిమి భాగాన్ని ప్రచ్ఛాయ అనీ, అంచును ఉపచ్ఛాయ అనీ అంటారు.

ఫిబ్రవరి 20 రాత్రి చంద్రుడు నీడ కేంద్రానికి దక్షిణంగా వెళ్తాడు. గ్రహణం నడిమి సమయానికి చంద్రుడి వ్యాసంలో దాదాపు 93 శాతం ఉపచ్ఛాయలో ఉంటుంది. అతని ఉత్తరపు అంచుకూ ప్రచ్ఛాయకూ మధ్య ఎడం చంద్రుడి వ్యాసంలో ఆరు శాతం లోపే, అంటే సుమారు 200 కి.మీ. మాత్రమే. ఆ క్షణంలో చంద్రుడి ఉత్తరపు అంచున ఎవరైనా నిలబడి చూడగలిగితే, సూర్యుడు దాదాపు పూర్తిగా భూమి వెనక్కి వెళ్లి, సన్నని వెలుగు గీత మాత్రమే మిగిలి కనిపిస్తుంది. దక్షిణ కొసన నిలబడ్డవారికి మాత్రం సూర్యుడు నిండుగానే ఉంటాడు. అందుకే మసక ఉత్తరాన చిక్కగా ఉండి దక్షిణానికి పోతున్నకొద్దీ పలచబడుతుంది. మీరు వెతకవలసింది ఒక గీతను కాదు, ఆ క్రమాన్ని.

వేళలు రాసిపెట్టుకోండి

నార్వే సమయం ప్రకారం చంద్రుడు శనివారం రాత్రి 22:12కి ఉపచ్ఛాయలో ప్రవేశిస్తాడు. నడిమి సమయం 00:13. గడియారం ప్రకారం అది 21వ తేదీ, ఆదివారం. విడుపు 02:13కి. ఇక్కడ పొరపాటు జరగడానికి చాలా అవకాశం ఉంది: “21న పన్నెండుంపావుకు” అని విని ఆదివారం రాత్రి బయటికి వచ్చేవారికి గ్రహణం ముగిసి ఇరవై రెండు గంటలు దాటిపోయి ఉంటుంది. శనివారం రాత్రి భోజనం చేశాక, నిద్రపోకుండా చూడవలసిన గ్రహణమని గుర్తుపెట్టుకోండి.

మొదటి గంట సేపు కంటికి ఏమీ తెలియదు. చంద్రుడి వ్యాసంలో మూడింట రెండు వంతులు ఉపచ్ఛాయలోకి వెళ్లాకే మామూలు కంటికి తేడా అందడం మొదలవుతుంది. ఈ లెక్కన, శ్రద్ధగా చూడవలసిన సమయం సుమారు 23:20 నుంచి 01:05 వరకు. అందులోనూ పన్నెండుకు పది నిమిషాల ముందు నుంచి పన్నెండున్నర దాకా ఉన్న నలభై నిమిషాలను వదులుకోవద్దు. చలిలో నాలుగు గంటలూ నిలబడాలని ఎవరూ అనుకోనవసరం లేదు.

ధ్రువ కాంతుల కోసం కారులో తూర్పుకు వెళ్లేవారికి ఇంకో జాగ్రత్త. స్కిబోట్న్ లోయ దాటి ఫిన్లాండు సరిహద్దులోని కిల్పిస్‌యార్వి చేరితే అక్కడి గడియారం ఒక గంట ముందుంటుంది, ఫోను దానంతట అదే మారిపోతుంది. అక్కడ నడిమి సమయం 01:13 అవుతుంది. చేతి గడియారం ఒకటి నార్వే సమయంలోనే ఉంచుకొని దాన్నే నమ్ముకోవడం మేలు.

చంద్రుడు ఎంత ఎత్తులో ఉంటాడో లెక్క వేయండి

ఇంత ఉత్తరంగా ఉన్న ఊళ్లో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. ఆంధ్రాలో పున్నమి చంద్రుడు ఏ నెలలోనైనా సాయంత్రం ఉదయించి బాగా పైకి వస్తాడు కాబట్టి, గ్రహణ కాలం రాత్రి అయితే చాలు, కనిపిస్తుందని అనుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. పున్నమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదుటి దిక్కున ఉంటాడు. వేసవిలో సూర్యుడు అస్తమించనే అస్తమించడు. ట్రోమ్సోలో సుమారు మే 20 నుంచి జూలై 22 వరకు అర్ధరాత్రి కూడా సూర్యుడుంటాడు. దాని మరో ముఖం ఏమిటంటే, ఆ నెలల్లో పున్నమి చంద్రుడు దిగంతం పైకి రాడు. నవంబరు చివరి నుంచి జనవరి నడిమి దాకా సూర్యుడు ఉదయించని రోజుల్లో ఇది తలకిందులవుతుంది: పున్నమి చంద్రుడు అస్తమించకుండా ఆకాశం చుట్టూ తిరుగుతుంటాడు. నేను విజయవాడలో చూసిన 2020 జనవరి గ్రహణం రోజున ట్రోమ్సోలో చంద్రుడు అస్తమించనే లేదు; 2023 మే 5న మన ఇళ్ల మీద ఆకాశంలో జరిగిన ఉపచ్ఛాయ గ్రహణం ముగిసే సమయానికి మాత్రం ఇక్కడ చంద్రుడు ఇంకా ఉదయించలేదు.

లెక్క సులభమే. 90లోంచి మీ ఊరి అక్షాంశాన్ని తీసివేసి, దానికి ఆ రాత్రి చంద్రుడి క్రాంతిని కలపండి. ఖగోళ మధ్యరేఖకు చంద్రుడు ఎన్ని డిగ్రీలు ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడని చెప్పేదే క్రాంతి. దక్షిణంగా ఉంటే కలపడానికి బదులు తీసివేయాలి. వచ్చిన సంఖ్యే చంద్రుడు దక్షిణ దిక్కున చేరుకోగల గరిష్ఠ ఎత్తు. ట్రోమ్సో అక్షాంశం 69.65 డిగ్రీలు, 90లోంచి తీసేస్తే ఇరవైకి కాస్త ఎక్కువ. ఫిబ్రవరి 20 రాత్రి చంద్రుడు దాదాపు 10 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. కలిపితే 30. చంద్రుడు మనకు దగ్గరి వస్తువు కాబట్టి భూమి మీద నిలబడ్డవారికి ఆ లెక్క కంటే ఒక డిగ్రీ లోపు కిందికి కనిపిస్తాడు, కనుక 29 అనుకోండి. చేయి పూర్తిగా చాచి పిడికిలి పడితే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం మీద మూడు పిడికిళ్లు ఒకదానిపై ఒకటి పెట్టినట్టు ఊహించుకుంటే చంద్రుడు అక్కడే ఉంటాడు.

ఈ గ్రహణం ట్రోమ్సోకు బాగా కలిసివచ్చింది. నడిమి సమయానికి చంద్రుడు దాదాపు సరిగ్గా దక్షిణాన, ఆ రాత్రికి తన అత్యున్నత స్థానంలోనే ఉంటాడు. పట్టు సమయంలో ఆగ్నేయం వైపు, విడుపు సమయంలో నైరుతి వైపు కొంచెం దిగినా 25 డిగ్రీలకు తగ్గడు. ఊరికి ఎదుట, జలసంధికి అవతల 1238 మీటర్ల ట్రోమ్స్‌డాల్స్‌టిండెన్ శిఖరం ఉన్నా, పట్టణం నుంచి చూస్తే దాని ఎత్తు ఒక పిడికిలి దాటదు కాబట్టి అడ్డు రాదు. అదే 2027లో జూలై 18న, ఆగస్టు 17న మరో రెండు ఉపచ్ఛాయ గ్రహణాలు ఉన్నాయి కానీ అవి ఇక్కడివారికి కనిపించవు. స్వీడన్‌లోని కిరునాలోనో, ఫిన్లాండులోని రోవనియెమిలోనో ఉన్నవారు కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు. ఇద్దరికీ 30 డిగ్రీలు దాటుతుంది. ఇంకా ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బైన్‌లో మాత్రం 21 డిగ్రీలకు మించదు, పైగా ఊరు కొండల మధ్య లోయలో ఉంది. చోటు వెతుక్కుంటూ ఊరి హద్దు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల ప్రమాదం ఉంది కాబట్టి, అక్కడివారు దక్షిణాకాశం కనిపించే వీధిని పగలే ఎంచుకోవాలి.

పగటిపూట చోటు చూసి రండి

చంద్రుణ్ణి చూడటానికి ఊరి దీపాలు పెద్ద అడ్డంకి కావు. కావలసింది దక్షిణాన ఖాళీ ఆకాశం, గాలి చాటు, జారిపడకుండా నిలబడే నేల. ట్రోమ్సో దీవి నడుమ, ఎత్తు మీద ఉన్న ప్రెస్ట్‌వాన్నెట్ చెరువు గట్టు నాకు మొదటి ఎంపిక. ఫిబ్రవరిలో చెరువు గడ్డకట్టి ఉంటుంది; అయినా మంచు మీదికి దిగనవసరం లేదు, గట్టున ఉన్న బాట చాలు. దీవి నైరుతి కొసన ఉన్న టెలిగ్రాఫ్‌బుక్తా తీరంలో దక్షిణాకాశం ఇంకా విశాలంగా కనిపిస్తుంది కానీ అక్కడ సముద్రపు గాలి కోస్తుంది. కేబుల్ కారులో 421 మీటర్ల స్టూర్‌స్టైనెన్ మీదికి వెళ్లాలనుకునేవారు, ఆ రోజు కిందికి దిగే ఆఖరి కారు ఎప్పుడో ముందే చూసుకోవాలి; గ్రహణం నడిమి సమయం అర్ధరాత్రి దాటాక అన్న సంగతి మరవకూడదు.

నిజం చెప్పాలంటే ఇంటి బాల్కనీ దక్షిణానికి ఉంటే దానికి మించిన చోటు లేదు. పావుగంటకోసారి బయటికి వచ్చి చూసి లోపలికి పోవచ్చు, పోలిక కూడా బాగా తెలుస్తుంది. కిటికీ అద్దం వెనుక నుంచి మాత్రం చూడవద్దు. ఇక్కడి కిటికీలకు రెండు మూడు పొరల అద్దాలుంటాయి. వాటిలో చంద్రుడికి పక్కనే ఇంకొక నీడ చంద్రుడు ఏర్పడి, వెతుకుతున్న మసకను చెడగొడతాడు.

చీకట్లో నడిచివెళ్లేవారు దీపాలున్న స్కీ బాటల్లో గీసి ఉంచిన జాడలను తొక్కకూడదు. అది ఇక్కడివారు గట్టిగా పాటించే మర్యాద. కోటుకు వెలుగు పడితే మెరిసే బిళ్ల తగిలించుకోండి.

మబ్బుల సంగతి ముందే ఆలోచించండి

ట్రోమ్సో సముద్రపు ఒడ్డు ఊరు. పడమటి గాలి వీచిందంటే గంటలో ఆకాశం మూసుకుపోతుంది. మూడు రోజుల ముందు నుంచి నార్వే వాతావరణ సంస్థ, జాతీయ ప్రసార సంస్థ కలిసి నడిపే యర్ సేవలో మబ్బుల అంచనాను గంటగంటకూ చూస్తుండండి. తీరం మబ్బుగా ఉన్నా లోపలి లోయలు తెరిపిగా ఉండే రాత్రులు చాలా ఉంటాయి. లింగెన్ పర్వతాల వెనుక వాన చాటులో ఉన్న స్కిబోట్న్ అలాంటి చోటే. అక్కడి తెరిపి ఆకాశం కారణంగానే ట్రోమ్సో విశ్వవిద్యాలయం ఆ లోయలో ఖగోళ వేధశాల కట్టింది. కారులో దాదాపు రెండు గంటల ప్రయాణం. మంచు మీద బండి నడపడం అలవాటు లేనివారు తామే నడపకుండా, తెలిసినవారి బండిలోనో, ధ్రువ కాంతులు చూపించడానికి వెళ్లే బండిలోనో వెళ్లాలి.

నల్లని మబ్బు కంటే పలుచని మబ్బు ఎక్కువ మోసం చేస్తుంది. ఎత్తున మంచు పలుకుల పొర పరుచుకుంటే చంద్రుడి చుట్టూ గుడి కడుతుంది. “దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన” అని మన ఊళ్లలో చెప్పేది ఈ గుడి గురించే. ఆ పొర ఒకచోట చిక్కగా, ఒకచోట పలుచగా కదులుతుంటే బింబం మీద లేని మసకలు ఏర్పడి, ఉన్న మసక కనబడకుండా పోతుంది. గుర్తుపట్టడం ఇలా: గ్రహణపు మసక నిమిషాల్లో మారదు, పావుగంట చూసినా ఉన్నచోటే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో జరిగిపోయే మసక మబ్బుదే.

ఒంటికి తొడుక్కోవలసినవి

వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ట్రోమ్సోలో ఫిబ్రవరి చలి సగటున సున్నాకు నాలుగైదు డిగ్రీలు కిందే ఉంటుంది. లోపలి లోయల్లో మైనస్ ఇరవైకీ దిగవచ్చు. నడిచేవాడికి సరిపోయే బట్టలు కదలకుండా నిలబడేవాడికి సరిపోవు. ఒంటికి ఆనే పొర నూలుది కాక ఉన్నిది కావాలి, ఎందుకంటే చెమటకు తడిసిన నూలు బట్ట మంచులా చల్లబడుతుంది. చలి ఎక్కువగా పాదాల నుంచే ఎక్కుతుంది కాబట్టి బూట్ల కింద ఒక రబ్బరు చాపో, మడిచిన అట్టపెట్టో వేసుకొని నిలబడండి. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లను ఇక్కడ బ్రోడ్డర్ అంటారు. ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి, తప్పక కొనండి. చేతులకు లోపల పలుచని తొడుగు, పైన మందపుది వేసుకుంటే కెమెరా మీటలు నొక్కేటప్పుడు చర్మం లోహానికి తగలదు.

ముందటి చంద్రుణ్ణి మనసులో ముద్రించుకోండి

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న పని ఇది. 19వ తేదీ రాత్రి ఒకసారి, 20న రాత్రి పది గంటలకు ఇంకొకసారి చంద్రుణ్ణి నిదానంగా చూడండి. కాగితం మీద గాజు గ్లాసు బోర్లించి గుండ్రం గీసి, చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ కుందేలు మచ్చలను ఏది ఎక్కడుందో పెన్సిలుతో రాసుకోండి. బొమ్మ అందంగా రానవసరం లేదు.

ఇంత పట్టు ఎందుకంటే, ఈసారి మసక పడే ఉత్తర భాగంలో (ఇక్కడ దక్షిణానికి తిరిగి చూసే మనకు అది పైభాగం) చంద్రుడికి సహజంగానే నల్లని మైదానాలున్నాయి. పై అంచుకు దగ్గరగా అడ్డంగా సాగే సన్నని నల్లని పట్టీ శీతల సముద్రం. దాని కింద పెద్ద గుండ్రని నల్లని మైదానం వర్ష సముద్రం. ఆ రెండింటి మధ్య చిన్న నల్లని గుడ్డులా కనిపించేది ప్లేటో బిలం. దక్షిణాన దీనికి పూర్తి భిన్నంగా, టైకో బిలం చుట్టూ తెల్లని చారలు చిమ్ముకొని ఉంటాయి. అంటే గ్రహణం లేని రోజు కూడా చంద్రుడి పై భాగం కింది భాగం కంటే కొంత నల్లగానే ఉంటుంది. ఈ సహజమైన నలుపును చూసి అదే గ్రహణమనుకునేవారూ ఉంటారు, గ్రహణపు మసకను చూసి అది మచ్చేననుకునేవారూ ఉంటారు. శీతల సముద్రానికీ పై అంచుకూ మధ్య ఉన్న తెల్లని సన్నని నేలను గుర్తుపెట్టుకోండి. పది గంటలకు అది మెరుస్తుంటుంది. పన్నెండుంపావుకు అది మెరుస్తున్నదా లేదా అన్నదే మీ పరీక్ష.

గ్రహణాన్ని చూడటం

కంటికి రక్షణ అక్కరలేదు. చంద్రగ్రహణాన్ని ఎంతసేపైనా నేరుగా చూడవచ్చు. ఇబ్బంది అంతా వెలుతురు ఎక్కువ కావడం వల్లే. నేలంతా తెల్లని మంచు, దాని మీద నిండు పున్నమి. కన్ను ఆ వెలుతురుకు ముకుళించుకొని చిన్న తేడాలను పట్టుకోదు. మామూలు చలువ అద్దాలు పెట్టుకొని చూడండి. రాత్రిపూట చలువ అద్దాలేమిటని చుట్టుపక్కలవారు అనుకున్నా ఫరవాలేదు, బింబం కాంతి తగ్గగానే పై అంచుకూ కింది అంచుకూ ఉన్న తేడా తేలికగా తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే 7×50 గానీ 10×50 గానీ చాలు. టెలిస్కోపులో పెద్దగా చేసి చూస్తే మసక బింబమంతా పరుచుకుపోయి ఏదీ తెలియకుండా పోతుంది. బింబం మొత్తం ఒక్కసారే కంట్లో పడేంత తక్కువ పెంపులోనే చూడాలి.

పదకొండున్నర ప్రాంతంలో ఎడమవైపు పై అంచున మొదలయ్యే బూడిద రంగు పన్నెండుంపావుకు పై అంచుకు, కొద్దిగా ఎడమకు ఒరిగి, చేరుతుంది. ఆ తరువాత కుడివైపుకు జరుగుతూ ఒంటిగంట దాటాక కరిగిపోతుంది. ఒకేచోట కళ్లు గుచ్చి చూడకుండా, ఐదు నిమిషాలు చూసి రెండు నిమిషాలు మంచు మీద మీ నీడను చూసి మళ్లీ తలెత్తండి. ప్రతిసారీ ముందు గీసుకున్న బొమ్మను బయటికి తీసి పోల్చండి, వేళ రాయండి.

ధ్రువ కాంతి బలంగా వచ్చి దక్షిణాకాశం దాకా పాకితే, పచ్చని తెర చంద్రుడి ముందు నుంచి కదులుతుంది. అది ఎంత అందమైనదైనా ఆ నిమిషాల్లో మసక గురించి ఏ నిర్ణయానికీ రావద్దు.

ఆ రాత్రి చంద్రుడి పరిసరాలు కూడా చూడదగ్గవి. మాఘమాసానికి ఆ పేరు వచ్చింది పున్నమి చంద్రుడు మఖ నక్షత్రం దగ్గర ఉండటం వల్లనే. ఈ పౌర్ణమికి అది కంటి ముందే జరుగుతుంది. చంద్రుడికి పైన కాస్త కుడివైపు, ఐదారు బింబాల దూరంలో కనిపించే తెల్లని చుక్క మఖ. ఇంకా పైకి వెళ్తే ఎర్రగా వెలిగేది కుజుడు, సరిగ్గా ముందు రోజే సూర్యుడికి ఎదురుగా వచ్చి ఉంటాడు. కుడివైపు ఒక పిడికిలి దూరంలో, వాటన్నిటికంటే ప్రకాశంగా గురుడు. సింహరాశిలో ఇంత కూడిక మళ్లీ ఎప్పుడో.

ఫోటో తీసేవారికి

కెమెరాను స్టాండు మీద పెట్టి, అమరికలన్నీ చేతితో పెట్టండి: ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, సెకనులో 250వ వంతు దగ్గర మొదలుపెట్టి, టైకో చుట్టూ తెలుపు మాడిపోకుండా ఉండేలా సరిచూసుకోండి. 300 మి.మీ. లేదా అంతకు మించిన కటకం కావాలి. రాత్రి పదింటికి ఒకసారి కుదిరిన ఆ అమరికను ఒంటిగంట దాకా వేలితో కూడా తాకవద్దు. ఆటోలో పెడితే, మసకబారిన చంద్రుణ్ణి కెమెరా తనకు తానే వెలిగించి, మీరు చూడాలనుకున్న తేడానే చెరిపేస్తుంది. ఫోనుతో తీసేవారికి కూడా ఇదే నియమం. రా ఫార్మాట్‌లో పది నిమిషాలకొకటి చాలు. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి. ఇంకొకటి చొక్కా జేబులో ఒంటి వేడికి ఉంచుకోండి. ఇంట్లోకి వచ్చేముందు కెమెరాను బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి, లేకపోతే వెచ్చని గాలి తగలగానే కటకం లోపల కూడా తేమ పట్టేస్తుంది. రెండు మూడు గంటల దాకా ఆ సంచి తెరవకూడదు.

ఇంటివారితో కలిసి చూడండి

పట్టు, విడుపు స్నానాల గురించి ఇంట్లో పెద్దవాళ్లు తప్పక అడుగుతారు. ఉపచ్ఛాయ గ్రహణాలకు మన పంచాంగాల్లో సాధారణంగా పట్టు, విడుపు నియమాలు చెప్పరు. మీ ఇంటి ఆచారం ఏమిటో పెద్దలను అడిగి పాటించండి.

ఇదే గ్రహణం తెలుగు నేల మీద కూడా కనిపిస్తుంది. నడిమి సమయం అక్కడ 21వ తేదీ, ఆదివారం తెల్లవారుజామున 4:43. చంద్రుడు పడమట రెండున్నర, మూడు పిడికిళ్ల ఎత్తులో ఉంటాడు. ఉదయం 6:43కి విడుపు, సరిగ్గా చంద్రుడు అస్తమించే, సూర్యుడు ఉదయించే వేళ. నడిమి సమయానికి ఫోను చేసి, “అమ్మా, చందమామకు కుడిపక్క పైన చూడు, నాకైతే నెత్తి మీద మసకగా ఉంది” అని చెప్పండి. మసక ఉన్నది చంద్రుడి ఉత్తరపు అంచునే. దక్షిణం వైపు తిరిగి చూసేవారికి అది పైకి, పడమర వైపు తిరిగి చూసేవారికి అది కుడివైపుకు వస్తుంది. ఇంటి నుంచి ఎవరైనా ఫోటో పంపితే, దాన్ని ఎడమవైపుకు 70, 75 డిగ్రీలు తిప్పి మీ ఫోటో పక్కన పెట్టండి. టైకో చారలూ, ప్లేటో నల్లని గుడ్డూ రెండింటిలో ఒకేచోటికి వచ్చాక, ఉత్తరపు అంచున ఆ బూడిద రంగు కూడా ఒకేచోట పడిందో లేదో చూడండి.